నగరనిర్మాణము – నానాసంస్కృతులు

హైదరాబాదునకు దక్షిణమున, శ్రీశైలమునకు, నాగార్జునసాగరమునకు పోవు మార్గముల నడుమ ‘ఫ్యూచర్ సిటీ’ అను క్రొత్త నగరమునకు రూపకల్పన జరుగుచున్నది. 2025 మార్చిలో దానికొక అభివృద్ధి ప్రాధికారసంస్థ ఏర్పడి, 56 గ్రామములు దాని పరిధిలోనికి వచ్చినవి. వానిలో ఆమనగల్లు, కడ్తాలు ప్రాంతములు 2016 వరకు మహబూబ్‌నగరు జిల్లాలోనివే. కావున ఈ నగరమున ఎవరికి చోటు దొరకునను ప్రశ్న పాలమూరు, నల్లగొండ ప్రజలకు పరాయిది కాదు.

నేటి విద్యార్థులకు నగరనిర్మాణము ఆటగా కూడ పరిచితమే. 1991లో వెలువడిన ‘సివిలైజేషన్’ అను కంప్యూటరు ఆటలో ఆటగాడు నగరములను నిలిపి రాజ్యమును నడుపును. 2005 నాటి దాని నాల్గవ రూపములో ఒక నియమము కలదు. రాజమతమును విడిచి మతస్వాతంత్ర్యమును ఎన్నుకొన్నచో, నగరముననున్న ఒక్కొక్క మతమునకు ప్రజాసంతోషము ఒక్కొక్క అంకె పెరుగును. వైవిధ్యము నగరమునకు బలమని దీని భావము.

చరిత్రయు దీనికి సాక్ష్యమిచ్చును. నల్లగొండకు ఎదుట, కృష్ణకు ఆవలి యొడ్డున, క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి విలసిల్లెను. రాజు శాంతమూలుడు అశ్వమేధయాజి; ఆయన సోదరి శాంతిశ్రీ మహాచైత్యమునకు ప్రధానదాత్రి. కార్తికేయునకు ఆలయము, బౌద్ధశాఖలకు వేర్వేరు విహారములు ఆ నగరమున వెలసినవి. సింహళాచార్యులకై బోధిశ్రీ అను ఉపాసిక చైత్యగృహమునే కట్టించెను. పరదేశమునుండి వచ్చినవారికి కేవలము ఆతిథ్యము గాక, శాశ్వతమైన నెలవు లభించెను.

అయితే ఆట మరచినది ఒకటి కలదు. అందులో బాటలు వేయు శ్రామికునకు మతము లేదు, భాష లేదు, ఇల్లు లేదు. ఒక పని ముగియగనే మరొక పనికి వానిని తోలుటయే. పాలమూరు ప్రజలకు ఇది ఆట కాదు, అనుభవము. కరవుచే ఊరు విడిచి, దేశమందలి ఆనకట్టలకు, పట్టణములకు మట్టి మోసిన ‘పాలమూరు లేబరు’ పేరు దూరదూరముల వినబడెను. తాము కట్టిన పట్టణములలో వారికి దక్కినది తరచుగా తాత్కాలికమైన గుడిసెయే. నేడు హైదరాబాదు కట్టడములకు ఒడిశా, బీహారుల కూలీలు అట్లే వచ్చుచున్నారు.

క్రొత్త నగరపు పటములో విశాలమైన రహదారులతోపాటు, ఆ పరిసరముల లంబాడి తండాలకు వాని పేళ్లతో స్థానముండవలెను. కూలివారికి పనికి చేరువలో అద్దె యిండ్లు, వారి పిల్లలకు తమ భాష తెలిసిన ఉపాధ్యాయులు ఉండవలెను. ఇవి లేనిచో వైవిధ్యము ఉత్సవముల వేదికపైననే మిగిలిపోవును.

బోధిశ్రీ శాసనము చివర దాత పేరుతోనే తృప్తిపడలేదు. ఆ పని శిలాశిల్పి విధికునిదని కూడ చెక్కించిరి. విజయపురి లోయ సాగరజలములలో మునిగినను ఆ పేరు నేటికిని నిలిచియున్నది. పదునేడు శతాబ్దములకు పిమ్మట కట్టబడు నగరము, తన్ను కట్టినవానికి అంతకంటె తక్కువ గౌరవమీయరాదు.