ఊరు కోలుకుంటే చాలదు

విదేశీ సరుకు చౌకగా వచ్చి ఫ్యాక్టరీ మూతపడితే కార్మికులు వేరే పని చూసుకుంటారు, లేదా వేరే ఊరు పోతారు. ఆర్థికశాస్త్రం పాఠ్యపుస్తకాలు చెప్పేదీ, మేము పరీక్షల్లో రాసేదీ ఇదే. కానీ లోకంలో జరిగింది వేరు.

చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. అమెరికాలో 2000లో సుమారు 1.7 కోట్లున్న ఫ్యాక్టరీ ఉద్యోగాలు 2010 నాటికి 1.15 కోట్లకు పడిపోయాయి. అన్నిటికీ దిగుమతులే కారణం కాదు. యంత్రాలున్నాయి, 2008 మాంద్యం ఉంది. అయితే డేవిడ్ ఆటర్, డేవిడ్ డార్న్, గార్డన్ హాన్సన్ అనే ఆర్థికవేత్తలు ప్రాంతాలవారీగా లెక్కతీశారు. దిగుమతుల దెబ్బ ఎక్కువ తగిలిన చోటే ఉపాధి ఎక్కువ పడిపోయింది. పని పోయినా చాలామంది ఊరు కదల్లేదు. ఒకే పరిశ్రమ మీద బతికే ఊళ్ళు, డిగ్రీ చదివినవాళ్ళు తక్కువున్న ఊళ్ళు ఎక్కువ నలిగాయి. 2010 తర్వాత ఆ ప్రాంతాల్లో ఉద్యోగాలు మళ్ళీ పెరిగాయి. అవి ఎక్కువగా తక్కువ జీతాల సేవారంగంలోనివి. దక్కింది కూడా కొత్త తరానికీ, బయటినుంచి వచ్చినవాళ్ళకీ. ఊరు కోలుకుంది, పని పోగొట్టుకున్న మనిషి కోలుకోలేదు.

మన దేశం సంగతీ చూద్దాం. 1991 తర్వాత దిగుమతి సుంకాలు తగ్గాయి. ఆ ప్రభావం ఎక్కువగా పడిన గ్రామీణ జిల్లాల్లో పేదరికం మిగతా చోట్లకన్నా నెమ్మదిగా తగ్గిందని పెటియా టోపలోవా 2010లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. జనం జిల్లా దాటి పోవడమూ చాలా తక్కువే. ఇది సోమరితనం కాదు. ముసలి తల్లిదండ్రులు, తీరని అప్పు, పిల్లల బడి వదిలి ఎక్కడికి పోతారు? పట్నంలో అద్దె ఇల్లు అడిగితే ముందు కులం అడిగే దేశం మనది.

దిగుమతులు ఆపేయమని మేము అనడం లేదు. చౌక సరుకు మనమూ కొంటున్నాం. దేశానికి వచ్చిన లాభంలో నష్టపోయిన ఊరికి వాటా ఇవ్వమంటున్నాం. శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ చేతిలో పెడితే సరిపోదు. చుట్టుపక్కల పని లేకపోతే అది గోడకు తగిలించుకోడానికే పనికొస్తుంది. ఒకే పని మీద బతికే ఊళ్ళకు, ఆ పని నడుస్తున్నప్పుడే రెండో పని తేవాలి.

హాస్టళ్ళ మీద ఖర్చు దండగ అనేవాళ్ళకు ఒక మాట. ఇంట్లో ఒకరు చదువుకుంటే, ఒక పని పోయినా ఆ ఇంటికి ఇంకో దారి మిగులుతుంది.

మిత్రులారా, చదువు మనల్ని ఊరు దాటించింది. యాభై ఏళ్ళ వయసులో పని ఆగిపోయిన మనిషిని ఇప్పుడు ఏ చదువూ దాటించలేదు. అతనికి పని ఊళ్ళోనే కావాలి. రేపు ఆఫీసుల్లో కుర్చీల మీద కూర్చునే మనం ఆ సంగతి మరవకూడదు.