ఏడవనివ్వని ఆదరణ

మన సంఘాల్లో భర్తను పోగొట్టుకున్న స్త్రీకి దక్కే పెద్ద మెప్పు ఒకటుంది. "ఒక్క చుక్క కన్నీరు రానివ్వలేదండీ, ఎంత విశ్వాసమో!" ఆదరణ కూడికలో మైకు పట్టుకున్నవాళ్ళంతా ఆ మాటే తిప్పితిప్పి చెబుతారు. ఏడ్చిన ఆమెను ఎవరూ తిట్టరు గానీ పక్కకు పిలిచి మెల్లగా మందలిస్తారు. "అలా ఏడవకూడదమ్మా, ఆయన ప్రభువు దగ్గర ఉన్నారు కదా. నువ్వే ఇలా అయిపోతే మన సాక్ష్యం ఏం కావాలి?" భార్య పోయిన మగవాడి పరిస్థితి ఇంకా కష్టం. అతను సంఘపెద్ద అయితే భూస్థాపనకు వచ్చినవాళ్ళను తనే ఓదార్చాలి.

కన్నీరు పెట్టకపోవడమే విశ్వాసమన్న ఈ అభిప్రాయం తప్పు. క్రూరం కూడా. దీన్ని వాక్యం పేరుతో చెబుతున్నారు కాబట్టి వాక్యంతోనే జవాబివ్వాలి.

అందరూ చూపించేది థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, 4వ అధ్యాయం, 13వ వచనం. దాన్ని మనం సగంలో ఆపేసి చదువుతున్నాం. నిరీక్షణ లేనివాళ్ళ దుఃఖం లాంటిది మీకు వద్దన్నాడు పౌలు. అసలు దుఃఖపడొద్దని ఎక్కడా అనలేదు. తన జతపనివాడు ఎపఫ్రొదితు చావు అంచుదాకా వెళ్ళి బతికినప్పుడు, దేవుడు అతన్నే కాదు, తన దుఃఖం రెట్టింపు కాకుండా తననూ కనికరించాడని ఫిలిప్పీయులకు దాచుకోకుండా రాసిన మనిషి ఆయన. ఇక బేతనియ సంగతి. లాజరు సమాధిలో ఉండి అప్పటికి నాలుగు రోజులు. కాసేపట్లో అతన్ని లేపబోతున్నానని యేసుకు తెలుసు. తెలిసీ ఏడ్చాడు. మార్త, మరియల కన్నీళ్ళు తుడిచే ముందు తనూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. పునరుత్థానం మీద ఆయనకంటే మనకు గట్టి నమ్మకం ఉందా?

భార్య చనిపోతే ఏడవొద్దని దేవుడే ఆజ్ఞాపించిన సందర్భం ఒకటి ఉంది, నిజమే. యెహెజ్కేలు 24వ అధ్యాయం. అతని కంటికి ఇంపైన మనిషిని ఒక్క దెబ్బతో తీసేస్తానని, విలపించొద్దని, పాగా కట్టుకుని, చెప్పులు తొడుక్కుని మామూలుగా తిరగమని దేవుడు చెప్పాడు. సాయంత్రం ఆమె పోయింది. మర్నాడు అతను చెప్పినట్టే చేశాడు. అప్పుడు జనం ఏమన్నారు? మెచ్చుకోలేదు. ఇదేమిటి, దీని అర్థం చెప్పవా అని నిలదీశారు. యెరూషలేము ఆలయం కూలిపోయే రోజున ఏడవడానికి కూడా ఓపిక లేనంతగా కుంగిపోతారని చూపించే సూచన అది. భార్య పోయినవాడు ఏడవకపోవడం జనం ఆగి అడిగేంత విపరీతం కాబట్టే అది సూచన అయింది. ఆ విపరీతాన్ని తెచ్చి మనం ప్రతి ఇంటికీ నియమం చేశాం.

విశ్వాసులకు తండ్రి అనిపించుకున్న అబ్రాహాము శారా కోసం ఏడ్చాడు. ఆమెను పాతిపెట్టడానికి ఎఫ్రోను దగ్గర 400 తులాల వెండి తూచి మక్పేలా గుహ, పొలం కొన్నాడు. ఆదికాండములో ఓ అధ్యాయమంతా ఈ సంగతే. మన దగ్గర చనిపోయినవాళ్ళను తలుచుకునే నవంబరు 2న సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించే భార్యను చూసి పెదవి విరిచే బోధకులు ఆ అధ్యాయం మరోసారి చదవాలి.

ఈ అలవాటు వెనక ఒక మంచి ఉద్దేశం ఉందని ఒప్పుకుంటాను. గుండెలు బాదుకుంటూ శోకాలు పెట్టడం, గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం లాంటి వాటి నుంచి మనవాళ్ళు బయటపడాలనుకున్నారు. ఆ తంతు పోవలసిందే. కానీ పోయిందా? భర్త లేని ఆమెను పెళ్ళిలో వెనక వరసలో కూర్చోబెట్టే క్రైస్తవ కుటుంబాలు ఇప్పటికీ ఎన్ని లేవు! తెల్లచీరను ఉంచుకుని, కన్నీటిని మాత్రం తీసేశాం.

ఆదరణ ఎలా ఉంటుందో నేను మా పెద్దమ్మ ఇంట్లో చూశాను. పెదనాన్న తన బైబిలు అంచుల్లో పెన్సిలుతో తేదీలు రాసుకునేవారు: ఫలానా రోజు చిన్నాడికి జ్వరం, ఫలానా రోజు నాట్లు. ఆయన పోయాక రాత్రి కుటుంబ ప్రార్థనలో అన్నయ్య ఆ బైబిలే చదివేవాడు. తేదీ కనబడితే పిల్లలు ఆపేవారు. "ఆ రోజు ఏమైంది నానమ్మా?" పెద్దమ్మ చెప్పేది. చెబుతూ ఏడ్చేది, ఒక్కోసారి నవ్వేది. "ఊరుకో" అన్నవాళ్ళు ఆ ఇంట్లో లేరు. తర్వాత అందరూ కలిసి ప్రార్థన చేసుకునేవారు. కుటుంబం, విశ్వాసం రెండూ ఆమెను నిలబెట్టాయని ధైర్యంగా చెప్పగలను. ఆమె దుఃఖానికి చోటిచ్చాయి కాబట్టే నిలబెట్టగలిగాయి.

నోరు నొక్కేస్తే దుఃఖం దేవుడి మీదికే తిరుగుతుంది, అదీ చాటుగా. క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థిస్తూ పుస్తకాలు రాసి పేరుపొందిన సి.ఎస్. లూయిస్ భార్య జాయ్ 1960లో క్యాన్సర్‌తో చనిపోయింది. దేవుడి మీద తనకు కలిగిన కోపాన్నీ సందేహాల్నీ ఆయన దాచకుండా రాశాడు. 1961లో అచ్చయిన ఆ చిన్న పుస్తకం మీద మాత్రం తన పేరు లేదు, ఎన్.డబ్ల్యూ. క్లర్క్ అని మారుపేరు. అంత ప్రశ్నించినా ఆయన విశ్వాసం వదిలిపెట్టలేదు. మన ఊరి విధవరాలికి ఆ మారుపేరు చాటు కూడా లేదు.

అపొస్తలుల కార్యాలు 6వ అధ్యాయంలో, గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదని ఫిర్యాదు వచ్చింది. ఓర్చుకోమని వాళ్ళకు ఎవరూ ప్రసంగం చేయలేదు. ఏడుగురు మనుషుల్ని ఏర్పరచి పని అప్పగించారు. మన సంఘాలూ అదే చేయాలి. ఆదరణ కూడిక రోజునే, ఏడాదిపాటు ఆ ఇంటికి వెళ్ళివచ్చే బాధ్యత ఎవరెవరిదో పేరుపేరునా నిర్ణయించాలి. పింఛను కాగితాలకూ, బ్యాంకుకూ, పొలం పేరు మార్పించడానికీ ఆమెకు తోడు వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళు చనిపోయిన భర్త పేరెత్తడానికి భయపడొద్దు, ఆయన గురించి అడగాలి. ముఖ్యంగా వాళ్ళ పెళ్ళిరోజున, ఆయన లేని మొదటి క్రిస్మస్‌కు తప్పకుండా వెళ్ళాలి.