రొయ్య పిల్లలకు రంగు నీళ్లా?

ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు దశాబ్దాల తర్వాత 2022లో అలుగు దూకింది. చెరువు నిండితే వలలొస్తాయి, వినాయకులూ వస్తారు. తెలంగాణలో సర్కారు చేప పిల్లల్ని, కొన్ని చెరువుల్లో నీలకంఠ రొయ్య పిల్లల్ని వదిలేది వానాకాలం చివర్లోనే. నిమజ్జనాలూ దాదాపు ఆ రోజుల్లోనే. రెండింటినీ కలిపి ఆలోచించే శాఖ మాత్రం కనిపించదు.

విగ్రహాలకు పూసే చౌక రసాయన రంగుల్లో సీసం, క్రోమియం, కాడ్మియం వంటి భార లోహాలు ఉండొచ్చు. అవి చివరికి చేరేది అడుగు బురదలోకి. రొయ్య తిరిగేదీ, తినేదీ అక్కడే.

పెద్ద రొయ్య కొంత ఓర్చుకుంటుంది. లోహాన్ని పట్టి ఉంచే ప్రొటీన్లు దాని ఒంట్లో తయారవుతాయి. పిల్లల సంగతి వేరు. ఎదగాలంటే అవి మాటిమాటికీ పెంకు విడవాలి. ఆక్వా రైతులు మోల్టింగ్ అనేది దీన్నే. పెంకు వదిలిన పూట ఒళ్లంతా మెత్తబడి, కొత్త పెంకు గట్టిపడటానికి నీటిలోని కాల్షియాన్ని గబగబా లాక్కుంటాయి. కాడ్మియం అయాను పరిమాణం ఇంచుమించు కాల్షియమంతే. అందుకే మొప్పల్లో కాల్షియం దారినే లోపలికి జొరబడుతుంది. పెద్దవాటి కన్నా పిల్లలు ఎక్కువసార్లు పెంకు మారుస్తాయి కాబట్టి ఈ ముప్పూ వాటికే ఎక్కువసార్లు. రాగిది మరో విడ్డూరం. రొయ్య రక్తంలో ప్రాణవాయువును మోసేదే రాగి, మోతాదు మించితే అదే విషం.

చావు ఒక్కటే నష్టం కాదు. అమెరికా శాస్త్రవేత్త జూడిత్ వైస్ 1970లలో, రొయ్యల్లాగే పెంకు విడిచే ఫిడ్లర్ పీతలపై ప్రయోగాలు చేశారు. పాదరసం, కాడ్మియం కలిసిన నీళ్లలో వాటికి తెగిన కాళ్లు మళ్లీ మొలవడం, పెంకు విడవడం ఆలస్యమయ్యాయి.

రొయ్యల హేచరీలకు ఈ సంగతి కొత్త కాదు. నీటిలోని లోహాలను కట్టడి చేయడానికి తొట్లలో ఈడీటీఏ అనే రసాయనం కలపడం అక్కడ మామూలే. నీలకంఠ రొయ్య పదకొండు లార్వా దశలు దాటితే గానీ పిల్ల కాదు. అన్ని గండాలు దాటించి, ఆక్సిజన్ నింపిన సంచుల్లో తెచ్చిన పిల్లను చెరువులో వదిలేటప్పుడు మాత్రం ఆ బురదలో ఏముందో ఎవరూ అడగరు. చేపలు తేలితేనే కాలుష్యమని మనకో నమ్మకం. గోరంత రొయ్య పిల్ల చస్తే అడుగునే కలిసిపోతుంది, ఫొటోకు కూడా దొరకదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిమజ్జన మార్గదర్శకాలను 2010లో ఇచ్చి, 2020లో సవరించి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దంది. కాగితం మీద లోటేమీ లేదు. పండగ ఆపమని ఎవరూ అనడం లేదు. హైదరాబాద్‌లో నిమజ్జనాల కోసం తవ్వుతున్న బేబీ పాండ్ల లాంటిదొకటి పెద్ద చెరువు కట్ట దగ్గరా తవ్వొచ్చు. పిల్లల్ని వదిలే ముందొకసారి, నిమజ్జనం అయ్యాక ఒకసారి అడుగు బురద తీసి లోహాలు పరీక్షించాలి. ఆ ఫలితం మత్స్యకారుల సొసైటీ చేతికి రావాలి. లోహాలు ఎక్కువని తేలితే ఆ ఏడు రొయ్య పిల్లల సంచులను వేరే చెరువుకు మళ్లించాలి.