భుజానికి పట్టీ ఉన్నప్పుడు నమాజు

భుజం కీలు మార్పిడి చేయించుకున్న అబ్బాజాన్ ప్రతి నమాజుకూ జోలె పట్టీ తీసి పక్కన పెడుతున్నారనీ, వారిస్తే ‘అల్లాహ్ సన్నిధిలో చేయి వేలాడేసుకుని నిలబడనా?’ అంటున్నారనీ మహబూబ్‌నగర్ నుంచి ఒక సోదరి రాశారు. ఆయన భక్తి గౌరవించదగినదే. అయితే షరీఅత్ అడగనిదాన్ని ఆయన ఇస్తున్నారు.

ఈ శస్త్రచికిత్సలో సాధారణంగా భుజం ముందువైపు కండరాన్ని విడదీసి, కొత్త కీలు అమర్చాక తిరిగి కుడతారు. అది అతుక్కునే వరకు, ఎక్కువగా 4 నుంచి 6 వారాలు, చేయి పట్టీలో ఉండాలి. ఈలోగా అరచేతిపై బరువు మోపినా, చేతిని వీపు వెనక్కు తిప్పినా కుట్లు తెగవచ్చు, కీలు జారవచ్చు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీటివల్ల మోకాళ్లు, నడుము బిగుసుకుపోయిన వృద్ధులు రెండు అరచేతులూ నేలకు ఆనించి లేస్తారు. సజ్దా నుంచి లేచే ఆ క్షణమే వారికి ప్రమాదం.

కాబట్టి కుర్చీపై కూర్చుని సైగలతో రుకూ, సజ్దా చేయాలి. సజ్దాకు తల మరికాస్త వంచాలి. తక్బీర్‌కు ఒక చేయి ఎత్తితే చాలు. పట్టీలోని చేయి ఎలాగూ పొట్టమీదే ఉంటుంది! మొలల వ్యాధితో ఉన్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు, నిలబడలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని దైవప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీలో ఉంది.

వుజూ గురించి అనవసరంగా కంగారుపడతారు. గాయం ఉన్నది భుజంమీద, వుజూలో కడగవలసింది మోచేతి వరకే. వైద్యుడు అనుమతిస్తే ఇంటివారు మోచేతిని పట్టుకుని, పట్టీ వదులుచేసి కడగవచ్చు. విప్పడమే హానికరమంటే తడిచేత్తో పట్టీమీద మసహ్ చేయాలి. తోలు మేజోళ్లకున్న ఒక పగలు, ఒక రాత్రి గడువు దీనికి లేదు.

కుడి భుజమైతే అసలు ఇబ్బంది భోజనం దగ్గర. ఎడమచేత్తో తినడానికి మనసొప్పక, కోడలు తినిపిస్తానంటే సిగ్గుపడి కొందరు పెద్దలు అర్ధాకలితో లేస్తారు. అశక్తుడికి ఎడమచేయి దోషం కాదు. కుడివైపు పడుకోవడం సున్నత్ అని ఆ భుజంమీద ఒరగనివ్వకండి. వీపుకు ఎత్తుగా దిండ్లు, మోచేతి కింద మరో చిన్న దిండు పెట్టండి.

చేయి పట్టీలో ఉన్నా వేళ్లను, మణికట్టును వైద్యుడు చెప్పినట్లు కదిలిస్తుండాలి, లేకుంటే వాచి బిగుసుకుంటాయి. నమాజు తర్వాత తస్బీహ్‌మాల పక్కనపెట్టి 33, 33, 34 సార్లు ఆ చేతి కణుపులమీదే లెక్కించమనండి. జ్వరం, చీము, హఠాత్తుగా తీవ్రమైన నొప్పి కనిపిస్తే శస్త్రచికిత్స చేసిన వైద్యుడి వద్దకే తీసుకెళ్లండి. ఊళ్లో నూనె మర్దన చేసేవారిని మాత్రం పిలిపించకండి.