చదువు ఎవరి చేతికి అందుతోంది?



బడులు తెరిచారు. ఈ నెలలో ఏ ఇంటికి ప్రార్థనకు వెళ్లినా మాట చదువు మీదికే మళ్లుతోంది. ఎవరి పిల్లవాడికి ట్యాబ్ కొన్నారు, ఏ బడిలో స్మార్ట్ బోర్డు పెట్టారు, ఫోనులో ఏ యాప్ పెడితే లెక్కలు బాగా వస్తాయి అని. ఎల్బీ నగర్ దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు బస్సులో వెళ్లినవాళ్లకు తెలుసు, ఆ రోడ్డుకు రెండు వైపులా కోచింగ్ సెంటర్ల బోర్డులే. మనం వీటికి వ్యతిరేకం కాదు. పల్లె పిల్లల చేతికి కంప్యూటర్ వస్తే మొదట సంతోషించేది మనమే. అయితే ఆ రోడ్డు మీదే ఇంకొంచెం ముందుకు పోతే మలక్‌పేట వస్తుంది. ఈ వారం అక్కడ కాసేపు ఆగుదాం.

మలక్‌పేట అంటే మనలో చాలామందికి గంజి. మిర్చి, ఉల్లిగడ్డ అమ్ముకోవడానికి వెళ్లే చోటు. కొందరికి ఆస్పత్రి, కొందరికి గుర్రప్పందాల మైదానం (ఆ కొందరి పేర్లు ఇక్కడ రాయము!). నల్గొండ క్రాస్‌రోడ్డు దగ్గర వికలాంగుల సంక్షేమ భవనం ఉందని, చూపులేని ఆడపిల్లలకు ప్రభుత్వ వసతి పాఠశాల మలక్‌పేటలోనే ఉందని, అంధ విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రభుత్వ బ్రెయిలీ ప్రెస్ కూడా అక్కడే ఉందని తెలిసినవాళ్లు మాత్రం మన సంఘాల్లో వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. ఆ ప్రెస్‌లో పుస్తకానికి సిరా అక్కర లేదు. దళసరి కాగితం మీద చుక్కలు ఉబ్బెత్తుగా లేస్తాయి, అంతే. మన పిల్లలు సంచిలో వేసుకుని పోయే ఒక్క పుస్తకం అక్కడ కొన్ని లావుపాటి సంపుటాలవుతుంది.

ఈ చుక్కల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. లూయీ బ్రెయిలీ ఫ్రాన్సు దేశంలో ఒక పల్లెటూరివాడు. తండ్రి గుర్రపు జీనులు, పట్టీలు కుట్టేవాడు. మూడేళ్ల వయసులో ఆ కొట్టంలో ఆడుకుంటూ తోలుకు బెజ్జాలు పొడిచే పనిముట్టుతో కన్ను పొడుచుకున్నాడు, పుండు రెండో కంటికీ పాకి చూపు పోయింది. పదేళ్లప్పుడు, 1819లో, పారిస్‌లోని అంధుల బడిలో చేరాడు. ఆ బడిలో అప్పటికే పుస్తకాలున్నాయి. మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా తేల్చి అచ్చువేసేవాళ్లు. చూసేవాళ్లకు అవి చక్కగా కనబడేవి. పంతులుగారు చదవగలిగేవాడు, ధర్మదాతలు తిరగేసి మెచ్చుకునేవాళ్లు. పిల్లవాడి వేలికి మాత్రం ఒక్కొక్క అక్షరం వంకర తడుముకునేసరికి వాక్యం మొదలు మరచిపోయేది. రాయడం సంగతి సరేసరి, సొంతంగా ఉత్తరం ముక్క రాసుకునే వీలే లేదు.

బార్బియే అనే ఆయన పన్నెండు చుక్కల పద్ధతి ఒకటి పట్టుకొచ్చాడు. లూయీ దాన్ని ఆరు చుక్కలకు తగ్గించాడు, వేలికొన కింద ఒక్కసారిగా అమరేటట్టు. 1824 నాటికి, పదిహేనేళ్ల వయసుకే, పద్ధతి తయారైంది. కానీ బడి దాన్ని వెంటనే ఒప్పుకోలేదు. కొంతకాలం అడ్డుకున్నారు కూడా. ఆయన 1852లో చనిపోయాడు. బడి దాన్ని అధికారికంగా స్వీకరించింది 1854లో! చూపున్న పంతుళ్లకు ఆ చుక్కలు అర్థం కాకపోవడం ఒక పెద్ద అడ్డంకి. పిల్లవాడికి నప్పింది పెద్దవాళ్లకు నప్పలేదు కాబట్టి ముప్పై ఏళ్లు ఆగవలసి వచ్చింది. ప్రియులారా, బడిలోకి ఏ కొత్త పనిముట్టు వచ్చినా మనం ముందు వేయవలసిన ప్రశ్న ఇక్కడే ఉంది. ఇది చదివేవాడి కోసమా, చూసి మెచ్చుకునేవాళ్ల కోసమా?

మన తెలుగుకు ఆ ఆరు చుక్కలు ఎంత బాగా అమిరాయో కూడా చూడండి. 1951 నుంచి భారతీయ భాషలకు ఉమ్మడి బ్రెయిలీ ఉంది. హిందీ 'క' కు, తెలుగు 'క' కు అవే చుక్కలు. గుణింతాల మెలికలు లేవు, 'కి' రాయాలంటే 'క' పెట్టి పక్కన 'ఇ' పెట్టడమే. ఒత్తు కావాలంటే ముందు ఒక చుక్క గుర్తు పెడతారు. 'అమ్మ' అనే మాట నాలుగు గళ్లలో అయిపోతుంది. పలకకు స్టైలస్‌తో పొడిచేటప్పుడు మాత్రం కుడి నుంచి ఎడమకు, తిరగేసి రాయాలి, కాగితం తిప్పితే చుక్కలు సరిగ్గా వస్తాయి. మన పిల్లలు ఎడమ నుంచి కుడికి రాయడానికే ఏడుస్తారు!

ఇప్పటి మాటకు వద్దాం. 2020 సెప్టెంబరు 1న కరోనా కాలంలో తెలంగాణలో దూరదర్శన్ యాదగిరిలోనూ టీశాట్‌లోనూ పాఠాలు మొదలయ్యాయి. మంచి ప్రయత్నం, ఎంతో మంది పల్లె పిల్లలకు అదే బడి అయింది. అయితే టీవీ పాఠంలో "ఇదిగో దీన్ని ఇక్కడికి తెస్తే అది ఇలా అవుతుంది" అని చెబితే, చూపులేని బిడ్డకు ఏది, ఎక్కడికి? పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఫోను పెడితే పాఠం తెరుచుకుంటుంది. పేజీలో ఆ కోడ్ ఎక్కడుందో వేలికి తెలియదు. టీచర్లు వాట్సాప్ గ్రూపులో హోంవర్కు ఫోటో తీసి పెడతారు. చూపులేనివాళ్ల కోసం ఫోనులో టాక్‌బ్యాక్ అనే సదుపాయం ఉంది, తెర మీది అక్షరాలను పైకి చదువుతుంది, తెలుగు కూడా చదువుతుంది. ఫోటో వచ్చిందంటే చాలాసార్లు "చిత్రం" అని చెప్పి ఊరుకుంటుంది. అదే నాలుగు ముక్కలు టైపు చేసి పెడితే మొత్తం చదివేది. దీనికి డబ్బు ఖర్చు లేదు, శిక్షణ అక్కర లేదు. రెండు నిమిషాలు ఓపిక చాలు.

ఇంకొకటి మన తెలుగువాళ్ల సొంత తంటా. పత్రికలు, పాటల పుస్తకాలు, ప్రశ్నపత్రాలు ఎన్నో ఏళ్లుగా అనూ ఫాంట్లలో టైపు అవుతున్నాయి. కాగితం మీద అందంగా ఉంటుంది. కంప్యూటర్ లోపల మాత్రం అది తెలుగు కాదు, ఇంగ్లీషు గుర్తులకు తొడిగిన తెలుగు చొక్కా. చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుంటే అర్థం లేని కూతలు వస్తాయి. యూనికోడ్‌లో టైపు చేస్తే ఆ బాధ ఉండదు. డీటీపీ పని చేసే మన తమ్ముళ్లు ఇది చదువుతున్నారని తెలుసు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాము.

ఆ చదివే సాఫ్ట్‌వేర్లలో ఎన్‌వీడీఏ అనేది ఉచితం. ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ 2006లో మొదలుపెట్టాడు, జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరూ చూపులేనివాళ్లే. అప్పటికి ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనాలంటే కంప్యూటర్ కంటే ఎక్కువ ఖర్చయ్యేది. అవసరం తెలిసినవాడు చేశాడు గనుక ఉచితంగా చేశాడు. ఈనాడు ఏ మండల కేంద్రంలోని పాత కంప్యూటర్‌లోనైనా పెట్టుకోవచ్చు. గొంతు కొంచెం యంత్రంలాగే ఉంటుంది, అలవాటైతే పిల్లలు దాన్ని మనకు అర్థం కానంత వేగంగా వింటారు.

"అయ్యగారూ, ఫోనే అన్నీ చదివి పెడుతుంటే ఇంకా ఆ చుక్కలెందుకు?" అని అడిగేవాళ్లున్నారు. వినుట వలన విశ్వాసం కలుగుతుందని పౌలు రాసిన మాటను కూడా తోడు తెచ్చుకుంటారు. విశ్వాసానికి సరే. తెలుగు పరీక్షకు చాలదు. శ, ష, స లలో ఏది ఎక్కడో, ల ఎక్కడో ళ ఎక్కడో చెవి ఒక్కటే చెప్పదు. వినికిడి మీదే పెరిగిన బిడ్డ తన పేరు ఎలా రాయాలో తెలియకుండానే పదో తరగతికి వస్తాడు. లెక్కలో మెట్టు తప్పితే వెనక్కి పోయి వేలితో చూసుకోవాలి కదా. చూపున్న మన పిల్లలకు ఆడియో పాఠాలు వచ్చాయని పలక, నోటుబుక్కు మానేయమన్నామా? వాళ్లకు అక్కర ఉన్నప్పుడు వీళ్లకెందుకు అక్కర లేదు? మా మాట ఒకటే, చుక్కలూ కావాలి, ఫోనూ కావాలి. చిన్న తరగతుల్లో చుక్కలు ముందు.

పనిముట్టు ఉన్నా తలుపు మూసేవాళ్లు ఉంటారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురం పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ మీలో చాలామంది 2024లో వచ్చిన సినిమా వల్ల విన్నారు. హైదరాబాదులో అంధుల బడిలో చదివి పదో తరగతి బాగా పాసయ్యాడు. ఇంటర్‌లో సైన్సు తీసుకుంటానంటే చూపులేనివాడికి కుదరదన్నారు. కోర్టుకు వెళ్లి ఆ సీటు సంపాదించుకున్నాడు. పుస్తకాలను ఆడియోగా మార్పించుకుని చదివాడు, అమెరికాలో ఎంఐటీ దాకా వెళ్లాడు, తిరిగొచ్చి 2012లో హైదరాబాదులో కంపెనీ పెట్టాడు. అందరూ శ్రీకాంత్‌లు కానక్కర లేదు. కానీ పదిహేనేళ్ల పిల్లవాడు ఒక పుస్తకం చదవడానికి కోర్టు మెట్లెక్కవలసి రావడం మాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక మన సంఘాల సంగతి. ఇది కొంచెం కష్టమైన మాట, ప్రేమతో చెబుతున్నాము. పల్లెల్లో చూపులేని బిడ్డ పుడితే మొదట వైకల్య సర్టిఫికెట్ కోసం తిరుగుతారు. మంచిదే, తెలంగాణలో 2023లో వికలాంగుల పెన్షన్ 4,016 రూపాయలు అయింది, పేద ఇంటికి అది చిన్న సొమ్ము కాదు. పెన్షన్ మొదలయ్యాక ఆ సర్టిఫికెట్ బీరువాలోకి పోతుంది. అదే కాగితంతో బడి తలుపు కూడా తెరుచుకుంటుందని ఎవరూ చెప్పరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ఆ చట్టం చెప్పినంత వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. దగ్గరి బడిలోనైనా, ప్రత్యేక బడిలోనైనా, వాళ్ల ఇష్టం.

రెండోది, స్వస్థత ప్రార్థనలు. బిడ్డను ఈ కూటానికి, ఆ కూటానికి ఎత్తుకుని తిరుగుతారు. వచ్చే ఏడాది చూపు వస్తుంది, అప్పుడు మామూలు బడిలోనే వేస్తాం అంటారు. అలా ఐదో ఏడు, ఏడో ఏడు, పదో ఏడు గడిచిపోతాయి. మేము ప్రార్థన మానమనడం లేదు, మేమూ చేస్తాము, తలమీద చెయ్యి పెట్టి చేస్తాము. అయితే ప్రార్థన జరుగుతుండగానే బిడ్డ వేళ్లు చుక్కలు నేర్చుకోవాలి. వేలికొనల చురుకు చిన్నతనంలోనే బాగా పట్టుబడుతుంది. యెరికో దారిలో బర్తిమయి కేక వేసినప్పుడు ఊరుకోమని గద్దించింది ప్రభువు కాదు, ఆయన చుట్టూ నడుస్తున్న జనం. ప్రభువైతే ఆగి, నీకేమి కావాలని అతన్నే అడిగాడు. మన ఇళ్లలో ఆ బిడ్డను ఎవరైనా అడిగారా? బడికి పోతావా అని?

ఏం చేయగలమంటే చాలా చేయగలం. మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం రిసోర్స్ టీచర్లు అక్కడ ఉంటారు. ముందు అక్కడికి వెళ్లండి. మీ ఊరి హెడ్‌మాస్టరుగారిని కలిసి, హోంవర్కు టైపు చేసి పెట్టమని మర్యాదగా అడగండి, ఎక్కువమంది వింటారు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. యవ్వనస్థులారా, మీకొక పని. పరీక్షల్లో చూపులేని విద్యార్థి చెబితే రాసే సహాయకుడు కావాలి, సాధారణంగా కింది తరగతి పిల్లలే రాస్తారు. పరీక్ష దగ్గరకొచ్చాక ఇంటింటికీ తిరిగి వెతుక్కునే తల్లిదండ్రుల బాధ చూడాలి! మన తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ముందే ఒప్పుకుని పేరు ఇచ్చి ఉంచితే ఎంత బరువు దిగుతుందో. పుస్తకాలు గట్టిగా చదివి ఫోనులో రికార్డు చేసి ఇవ్వడం అక్కలు ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని. స్పష్టంగా చదవండి, మధ్యలో కుక్కర్ విజిల్ వచ్చినా ఫరవాలేదు.

ఆడబిడ్డ ఉన్నవాళ్లు మలక్‌పేట బడి గురించి ముందు అక్కడికి వెళ్లి, వసతి చూసి, అక్కడి పిల్లలతో మాట్లాడి, ఆ తర్వాత నిర్ణయం తీసుకోండి. వైకల్య సర్టిఫికెట్, ఆధార్, పుట్టిన తేదీ కాగితం, ఫోటోలు వెంట ఉంచుకోండి. మన వైపు నుంచి వెళ్లేవాళ్లు ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కితే ఆరో స్టేషన్ మలక్‌పేట. తోడు కావాలంటే ఆదివారం ఆరాధన తర్వాత చెప్పండి, మాలో ఎవరో ఒకరం వస్తాము. బిడ్డను కూడా తీసుకుని వెళదాం.