లంబసింగి రోడ్డు మీద నాలుగు పీరియడ్లు

నర్సీపట్నంలో టీచర్లు నలుగురు కూడితే మాట తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తుందండీ. "అయిదు, ఆరు తరగతుల పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టడానికి కొత్తగా ఏం చెప్తాం? అన్నీ ఫోన్లోనే చూసేస్తున్నారు కదా" అని. నాకైతే నవ్వొస్తుంది. ఊళ్ళోంచి లంబసింగికి పోయే రోడ్డొకటుంది చూడండి, దాన్ని పట్టుకుంటే చాలు. సోషల్, లెక్కలు, తెలుగు, సైన్సు అన్నీ దాని మీదే నడిపించొచ్చు. ప్రొజెక్టరుతో పన్లేదు.

ముందు సోషల్. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఇదంతా మన పిల్లలకి నోటికొచ్చు, జూలై 4న ఆయన జయంతి వస్తే వేషం కూడా కడతారు. "ఎందుకు చేశాడర్రా?" అనడిగి చూడండి. "తెల్లోళ్ళు చెడ్డోళ్ళండి" అనేసి ఊరుకుంటారు. అక్కడ ఆపి రోడ్డు సంగతి ఎత్తాలి. నర్సీపట్నం నించి లంబసింగికి రోడ్డు వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ళ చేత గొడ్డుచాకిరీ చేయించుకుని కూలి సరిగ్గా ఇవ్వలేదు. పోడు కొట్టడానికి వీల్లేదన్న అడవి చట్టం ఒకపక్క, ఈ కూలి గొడవ ఇంకోపక్క. శీతాకాలం మనం మంచు చూడ్డానికి సరదాగా వెళ్ళే దారి వెనక ఇంత కథ ఉందా అని పిల్లలు నోరు తెరుస్తారు.

అక్కణ్ణించి తిన్నగా లెక్కల్లోకి దిగిపోండి. రూపాయికి పదహారు అణాలు. రోజుకి ఆరణాలిస్తానని చెప్పి రెండణాలే చేతిలో పెట్టాడనుకుందాం, ఇది లెక్క కోసం అనుకున్న అంకె అని ముందే చెప్పండి సుమా. నలభై మంది, పది రోజుల పని. ఎంత ఎగ్గొట్టినట్టు? 1600 అణాలు, అంటే వంద రూపాయలు. "వందేనా!" అంటాడు వెనకబెంచీవాడు. "మరి ఆరణాల లెక్కన ఒక మనిషికి అది ఎన్ని రోజుల కూలిరా?" అనండి. 266 రోజులు పోగా ఇంకా మిగుల్తుంది, ఆ మిగిలినదాన్ని భిన్నంగా రాయాలి. భిన్నాలంటే పారిపోయే పిల్లలు కూడా బాస్టియన్ మీద కోపంతో చేసేస్తారు.

తెలుగు పీరియడ్‌కి మిరపకాయ టపా ఉండనే ఉంది. ఫలానా రోజు వస్తున్నానని అల్లూరి బాణానికి మిరపకాయ, ఉత్తరం కట్టి ముందే కబురు పంపేవాడని చెప్పుకుంటారు కదా. పిల్లలు రాసే టపా నాలుగే వాక్యాలు, అందులో ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తారు, ఎందుకు అన్నీ రావాలి. ఆటల పీరియడ్లో లెక్కలు చెప్పొద్దని లెక్కల మేస్టారికి ఓ టపా రాయమనండి, కలాలు ఎలా పరిగెడతాయో. పెద్ద పిల్లలైతే ఇంకాస్త లోతుకి పోవచ్చు. అల్లూరి సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర చనిపోయిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే దొరల సమాధులేమో నర్సీపట్నంలోనే ఉన్నాయి. ఇటువాళ్ళు ఇంటికి ఉత్తరం రాస్తే ఏం రాస్తారు, అటువాళ్ళు ఏం రాస్తారు?

అన్నిట్లోకీ నాకు బాగా ఇష్టమైంది సైన్సు. ఎత్తు కిలోమీటరు పెరిగితే సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. లంబసింగి ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు. తెల్లారగట్ల మన ఊళ్ళో 16 డిగ్రీలుంటే అక్కడ పది దాకా ఉండాలి కదా? పేపర్లో చూస్తే రెండో, మూడో అని ఉంటుంది! మిగతా డిగ్రీల్ని ఎవరెత్తుకుపోయారు? మబ్బుల్లేని రాత్రి నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది. నేలనంటుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, కొండల మీంచి జారి లోయలో చేరుతుంది. చుట్టూ కొండలుంటే గిన్నెలో పోసినట్టే, ఎక్కడికీ పోదు.

ఇది మాటల్లో చెప్తే ఎక్కదు. సిరా కలిపిన నీళ్ళని ఎవరింట్లోనైనా ఫ్రిజ్‌లో పెట్టించి ఐసు ముక్కలు తెప్పించండి. గాజు గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పోసి, ఒక ముక్క మెల్లిగా వదిలి, గ్లాసు కదపకుండా చూడమనండి. ముక్క పైన తేలుతుంటే నీలం చారలు దారాల్లా కిందికి దిగి అడుగున పరుచుకుంటాయి. క్లాసంతా గప్‌చిప్. ఇంతలో ఒక పిల్ల అడుగుతుంది: "చల్లనీళ్ళు బరువైతే, ఇంకా చల్లగా ఉన్న ఐసు ఎందుకు తేలిందండీ?" రేపటి పాఠం ఆ పిల్లే పెట్టేసింది, మీకు పని తగ్గింది.

"పరీక్షలో ఇవెక్కడొస్తాయండీ?" అంటారా? భిన్నాలు, లేఖ రాయడం, ఉష్ణం, ఏది సిలబస్‌లో లేదు చెప్పండి! ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకి బ్యాగు లేకుండా పది రోజులుండాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది.

ఇంకా టైముంటే మ్యాపు పరిచి ఒక ప్రశ్న పారేయండి. మన ఊళ్ళో రైలే లేదు కదా, మరి ఎలమంచిలికీ తునికీ మధ్యన ఎక్కడో ఉన్న స్టేషన్‌కి నర్సీపట్నం రోడ్డని పేరేంటి? రైలు పట్టాలు మన దాకా రాకుండా సముద్రం పక్కనుంచే ఎందుకు పోయాయి? కాసేపు వాళ్ళలో వాళ్ళే కొట్టుకోనివ్వండి, జవాబు మాత్రం వెంటనే చెప్పేయకండి.