చేతిలో భరణం ఉత్తర్వు - చేతికందని సొమ్ము

మధిర: కోర్టులో భరణం కేసు గెలవడం ఒక ఎత్తు, ఆ సొమ్ము రాబట్టుకోవడం మరో ఎత్తు. ఈ సంగతి మధిర, ఎర్రుపాలెం, బోనకల్లు పల్లెల్లో కోర్టు మెట్లు ఎక్కిన ఆడవారికి కొత్తగా చెప్పనక్కర లేదు. నెలకు ఇంత చెల్లించాలని మేజిస్ట్రేటు ఉత్తర్వు వేస్తారు. ఒకటి రెండు నెలలు డబ్బు వస్తుంది. ఆ తర్వాత మిర్చి ధర పడిపోయిందంటారు, పత్తికి పురుగు తగిలిందంటారు. పుట్టింటివారు గట్టిగా అడిగితే పెద్దమనుషులు అడ్డుపడి "సంక్రాంతి దాకా ఓపిక పట్టమ్మా" అని సర్దిచెబుతారు. సంక్రాంతి పోయి ఉగాది వస్తుంది. ఆ ఓపికే ఆమె కొంప ముంచుతోంది.

ఎందుకంటే చట్టంలో ఒక గడువు ఉంది. ఏ నెల భరణమైనా బాకీ పడిన నాటి నుంచి ఏడాది లోపల దరఖాస్తు పెట్టుకుంటేనే దాని వసూలుకు కోర్టు వారంటు ఇస్తుంది. ఉత్తర్వు వచ్చింది కదా, డబ్బు ఎక్కడికి పోతుందిలే అని ఊరుకున్నవారు నష్టపోతున్నది ఇక్కడే. నెలకు 3,000 రూపాయల చొప్పున 18 నెలలు ఎగవేశాడనుకుందాం. మొత్తం బాకీ 54,000. ఈ రోజు దరఖాస్తు వేస్తే వారంటు వచ్చేది చివరి 12 నెలల 36,000కే. మిగతా 18,000 రద్దయిపోయినట్టు కాదని, వేరే మార్గాన రాబట్టుకోవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. కాని ఆ వేరే మార్గమంటే మళ్లీ ప్లీడరు, మళ్లీ వాయిదాలు. ఒక్క ఊరట ఉంది. గడువు లోపల దరఖాస్తు వేసి ఉంటే, అది నడుస్తుండగా పేరుకున్న బాకీని కూడా అందులోనే అడగవచ్చని అదే కోర్టు 2005లో తీర్పు ఇచ్చింది. కనుక మూడు నెలలు ఎగవేసినప్పుడే కోర్టుకు వెళ్లిన ఆడమనిషిని గయ్యాళి అనుకోనక్కర లేదు, లెక్క తెలిసిన మనిషి అనుకోవాలి.

ఊళ్లలో దీన్ని ఇప్పటికీ "125 కేసు" అనే పిలుస్తున్నారు. 1974 నుంచి అమలులో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 125వ సెక్షను. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో ఇదే విషయం 144వ సెక్షనులో ఉంది. నంబరు మారిందే గాని సరుకు అదే. ఒకప్పుడు నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించే వీలుండేది కాదు. ఆ పరిమితిని 2001లో తీసివేశారు. విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీ కూడా ఈ సెక్షను కింద భార్య కిందే లెక్క. కులం, మతం పట్టింపు లేదు. హిందూ వివాహ చట్టం వర్తించని భద్రాచలం వైపు కోయ స్త్రీలకూ ఇది వర్తిస్తుంది. ముస్లిం స్త్రీల విషయంలో చాలాకాలంగా ఉన్న సందేహాన్ని మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసే తీర్చింది. విడాకులిచ్చిన భార్యకు నెలకు 20,000 రూపాయలు ఇవ్వాలని ఫ్యామిలీ కోర్టు చెప్పగా, హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. భర్త అదీ ఇవ్వనని సుప్రీంకోర్టుకు ఎక్కాడు. 2024 జూలై 10న అతని అప్పీలును కోర్టు కొట్టివేసింది.

ఇక వారంటు సంగతి. జరిమానా వసూలు చేసే పద్ధతిలోనే ఈ బాకీనీ వసూలు చేస్తారు. బండి, టీవీ, ట్రాక్టరు వంటి చరాస్తిని జప్తు చేసి వేలం వేయించవచ్చు. లేదా జిల్లా కలెక్టరుకు వారంటు పంపి, శిస్తు బకాయి వసూలు చేసినట్టు భూమి మీద నుంచి కూడా రాబట్టించవచ్చు. అప్పటికీ మిగిలిన బాకీకి జైలు. నెల రోజుల వరకు, లేదా ఆ లోపల డబ్బు కట్టేదాకా. "జైలుకు పోయి వచ్చాను, బాకీ చెల్లు" అని మీసం తిప్పేవారు ఉన్నారు. ఆ మాట చెల్లదు. జైలు అన్నది డబ్బు కట్టించడానికి వాడే సాధనమే గాని, జైలుకు వెళ్లినంత మాత్రాన బాకీ తీరదని 1989లోనే సుప్రీంకోర్టు తేల్చింది. బయటికి వచ్చాక కూడా ఆ సొమ్ము అతని నెత్తిన ఉంటుంది.

ఆచరణలో వారంటు నడవాలంటే అతని ఆస్తి ఏది, ఎక్కడుందన్నది ఆమె చెప్పుకోవలసి వస్తుంది. సర్వే నంబరు, ట్రాక్టరు నంబరు, పనిచేసే ఆఫీసు పేరు కాగితం మీద ఉండాలి. కేసు పడగానే పొలం తల్లి పేర, అన్న పేర మార్చేవారు ఉంటారు గనుక పాత పహాణీ నకలు దగ్గర పెట్టుకోవడం మంచిది. ఇద్దరూ తమ ఆస్తిపాస్తులు, ఆదాయం, అప్పుల వివరాలు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలని 2020 నవంబరు 4న జస్టిస్ ఇందూ మల్హోత్రా, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డిల బెంచి ఆదేశించింది. భరణం ఉత్తర్వును సివిల్ డిక్రీ మాదిరిగా కూడా అమలు చేయించుకోవచ్చని ఆ తీర్పులోనే ఉంది. సివిల్ పద్ధతిలో భరణం డిక్రీకి జీతంలో మూడింట ఒక వంతుకే మినహాయింపు, మిగతా రెండు వంతుల మీద జప్తు పడుతుంది. గృహహింస చట్టం కింద వచ్చిన ఉత్తర్వయితే మరో సౌకర్యం ఉంది. భర్తకు జీతమిచ్చే యజమానే కాదు, అతనికి బాకీ ఉన్నవాడు కూడా నేరుగా ఆమెకే చెల్లించాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఖమ్మం మార్కెట్లో మిర్చి అమ్మి, కమీషన్ వ్యాపారి దగ్గర డబ్బు ఉంచినవాడు ఈ మాట ఒకసారి గుర్తుంచుకోవాలి.

మధిర వంటి సరిహద్దు ప్రాంతానికి ఉన్న చిక్కు వేరే. ఇక్కడి పిల్లలను జగ్గయ్యపేట, నందిగామ, తిరువూరు వైపు ఇవ్వడం తరతరాలుగా ఉన్నదే. 2014 జూన్ 2 తర్వాత అది వేరే రాష్ట్రం అయింది. "ఆంధ్రకు పోయాడు, ఇక్కడి కోర్టు ఏం చేస్తుంది" అని చాలామంది నిరాశపడుతున్నారు. నిజానికి భార్య తానున్న చోటనే కేసు వేసుకోవచ్చు. ఉత్తర్వు వచ్చాక అతను దేశంలో ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు దాన్ని అమలు చేయవచ్చు. మనిషి అతనే అని, డబ్బు కట్టలేదని ఆ మేజిస్ట్రేటుకు నమ్మకం కలిగితే చాలు. ఉత్తర్వు నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలని కూడా చట్టమే చెబుతోంది. నకలుకు డబ్బు అడిగితే ఈ మాట చెప్పాలి.

బాకీ అడిగినప్పుడల్లా వినబడే సాకులు రెండు. "కాపురానికి వస్తే పోషిస్తాను" అన్నది మొదటిది. అతను మరో పెళ్లి చేసుకుని ఉన్నా, మరో ఆడదాన్ని ఉంచుకున్నా రాననడం న్యాయమేనని చట్టంలోనే రాసి ఉంది. కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇచ్చినా, వెళ్లకపోవడానికి తగిన కారణం ఉంటే భరణం పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. "నాకు ఆదాయం లేదు" అన్నది రెండవది. ఒంట్లో సత్తువ ఉన్నవాడు కూలి చేసయినా పోషించాలని 2022లో అదే కోర్టు అన్నది. పంట నిజంగా పోయినవాడు, మంచాన పడ్డవాడు లేకపోలేదు. అట్టివారు భరణం తగ్గించమని కోర్టునే అడగవచ్చు. అది చేయక ముఖం చాటేస్తే మాత్రం బాకీ పెరుగుతూనే ఉంటుంది.

పెద్దమనుషుల కాగితాల గురించి ఒక మాట. తెగతెంపుల పేరిట రాయించే ఒప్పందాల్లో "ఇద్దరం ఇష్టపడి విడిగా ఉంటున్నాము" అన్న వాక్యం పడితే ప్రమాదం. విడాకులు కాని భార్య పరస్పర అంగీకారంతో వేరుగా ఉంటే భరణానికి అర్హురాలు కాదని చట్టంలో ఉంది. రాయించేవారికి ఇది తెలియక జరుగుతున్నదో, తెలిసే జరుగుతున్నదో గాని, వేలిముద్ర వేసే ముందు ఎవరి చేతనైనా చదివించుకోవాలి. అలాగే డబ్బు చేతికిచ్చానని, సాక్షులు ఉన్నారని వాదించే వీలు లేకుండా బ్యాంకు ఖాతాలోనే జమ చేయించుకోవడం మేలు.

ప్లీడరు ఫీజుకు భయపడి ఏడాది గడువు పోగొట్టుకోనక్కర లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకయినా ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు. ఖమ్మంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు. అంతదూరం పోలేనివారు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. వెళ్లేటప్పుడు ఉత్తర్వు నకలు, బ్యాంకు పాసుపుస్తకం, ఏ నెల నుంచి డబ్బు ఆగిందో రాసిన చీటీ వెంట ఉండాలి.